సి.ఎన్.సి. రౌటర్ దారి తప్పితే?

టేకు తలుపులపై నెమళ్లు, లతలు చెక్కే సి.ఎన్.సి. రౌటర్లు నేడు చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తున్నాయి. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే మన హాస్టల్ మిత్రులకు ఇదొక మంచి ఉపాధి. అయితే బొమ్మ పక్కకు జరిగితే ఖరీదైన చెక్క పాడవుతుంది, మాట ఆపరేటర్‌కే వస్తుంది. కనుక లోపం ఎక్కడుందో కనిపెట్టడం ముందుగా నేర్చుకోవాలి.

పనిచేసే విధానం: చిన్న రౌటర్లలో ఎక్కువగా స్టెప్పర్ మోటార్లు ఉంటాయి. మోటారు ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. అంటే చుట్టుకు 200 అడుగులు. డ్రైవర్‌లో అడుగును 8 భాగాలు చేస్తే 1600. చుట్టుకు 5 మి.మీ. జరిపే స్క్రూ అయితే మిల్లీమీటరుకు 1600 ÷ 5 = 320 పల్సులు కావాలి. కళ్లకు గంతలు కట్టుకుని అడుగులు లెక్కపెడుతూ నడిచేవాడి లాంటిదే ఈ యంత్రం. నడుమ అడుగు తప్పినా కంట్రోలర్‌కు తెలియదు.

లోపాలు మూడు రకాలు:

1. పొడవును బట్టి పెరిగే తేడా: 100 మి.మీ. అడిగితే 50, 200 అడిగితే 100 జరిగితే మోటారు తప్పు కాదు. డ్రైవర్ స్విచ్చులకూ, కంట్రోలర్‌లోని లెక్కకూ పొత్తు కుదరలేదు.

2. దిశ మారినప్పుడే వచ్చే తేడా: దీనినే బ్యాక్‌లాష్ అంటారు. వలయం గుండ్రంగా రాదు. స్క్రూ నట్టు అరిగిందా, బేరింగు వదులైందా చూడాలి. డయల్ గేజ్ పెడితే ఎంత వదులో తెలుస్తుంది.

3. ఒకచోట జరిగి, అక్కడినుంచి బొమ్మంతా పక్కకు పోవడం: ముందుగా మోటారు షాఫ్టు, కప్లింగ్ మీదుగా మార్కర్‌తో ఒక గీత గీయండి. తర్వాత గీత విడిపోతే కప్లింగ్ స్క్రూ జారింది. గీత కలిసే ఉంటే మోటారు అడుగులు తప్పి ఉండవచ్చు. ఇప్పుడు చెక్క లేకుండా నడిపి చూడండి. అప్పుడూ తప్పితే యాక్సిలరేషన్ ఎక్కువ కావచ్చు, లేదా పట్టాల్లో పొట్టు బిగుసుకుని ఉండవచ్చు. కోసేటప్పుడే తప్పితే వేగం, లోతు తగ్గించండి. మొద్దుబారిన బిట్టు మార్చండి.

నిర్వహణ: రోజూ పని ముగియగానే పొట్టు దులపాలి. పాత గ్రీజు తుడిచాకే కొత్తది రాయాలి. కప్లింగ్ స్క్రూలు అప్పుడప్పుడు బిగించాలి. చేయి పెట్టే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. కరెంటు ఉండగా మోటారు వైరు పీకితే డ్రైవర్ కాలిపోవచ్చు.

మిత్రులారా! ఊహించి విడిభాగం మార్చేవాడికి ఖర్చు మిగులుతుంది. కొలిచి చూసేవాడికి పని నిలుస్తుంది. స్కేలు, మార్కర్ ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి.