పగడపు దీవి నేర్పు పాఠము

చదువవలసిన భాగములు: యోబు 28:12–19, యెహెజ్కేలు 27:12–16, యిర్మీయా 5:22



మన కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో నీరనగానే గోదావరియు, చెరువును, బావియు మనస్సునకు వచ్చును. సముద్రమును కన్నులార చూచినవారు మన గ్రామములలో నేటికిని కొద్దిమందియే. అయినను ఈ కాలమున ఉద్యోగస్థులును యౌవనస్థులును సెలవులలో అండమాను దీవులను చూడబోవుచున్నారు. వెళ్లువారు ఏమి చూడవలెను? ఎట్లు చూడవలెను? వెళ్లని మనకు దానితో ఏమి పని? ఈ మూడు సంగతులను ఈ పాఠములో ఆలోచింతము.

1. దీవులు, అందలి తెలుగువారు

అండమాను నికోబారు దీవులు బంగాళాఖాతములో ఐదు వందలకు పైగా ఉన్నవి. జనులు కాపురముండునవి వానిలో కొద్దియే. చెన్నై, కలకత్తా, విశాఖపట్నము రేవులనుండి అక్కడికి ఓడలు పోవును. ఓడలో ఇంచుమించు మూడు దినములు, చెన్నైనుండి విమానములో రెండు గంటలకు పైచిలుకు పట్టును. ముఖ్యపట్టణమైన పోర్టు బ్లెయరునకు 2024లో శ్రీ విజయపురము అని పేరు మార్చిరి.

2011 జనాభా లెక్కల ప్రకారము అక్కడ నూటికి సుమారు 13 మందికి మాతృభాష తెలుగే. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళము, విశాఖపట్నము తీరములనుండి వెళ్లిన కుటుంబములవారు. కనుక రేవులోను బజారులోను మన మాట వినబడును. సంఘ చరిత్రలోను ఆ దీవులకు చోటున్నది. కారు నికోబారు ద్వీపవాసియైన జాన్ రిచర్డ్‌సన్ గారు 1950లో బిషప్పుగా అభిషేకింపబడిరి. మొదటి లోకసభలో 1952లో ఆ దీవుల ప్రతినిధిగా నియమింపబడినవారును వారే.

2. పగడమనగా ఏమి?

యోబు గ్రంథములో జ్ఞానముతో సరితూగని విలువైన వస్తువుల వరుసలో పగడము చేర్చబడినది. తూరు పట్టణపు వర్తకములో పగడములుండెనని యెహెజ్కేలు తెలుపుచున్నాడు. మన ఇండ్లలో ఉంగరమునందును పేరునందును పొదుగు ఎఱ్ఱపగడము ఆ జాతిదే. అది మధ్యధరా సముద్రమువంటి చోట్ల, వెలుతురు తక్కువైన లోతులలో పెరుగును. అండమానులో చూచు పగడపు దిబ్బలను కట్టునవి వేరు జాతులు. ఇవి వెచ్చని, తేటయైన, ఎండ సోకు లోతులేని నీటిలో పెరుగును.

చూచుటకు రాయివలె ఉన్నను పగడము రాయి కాదు, చెట్టును కాదు. అది ప్రాణియే. ఒక్కొక్క ప్రాణి జొన్నగింజంతయో కందిగింజంతయో ఉండును. మెత్తని దేహము, ఒక నోరు, నోటి చుట్టును చిన్న చిన్న మీసములు ఉండును. సముద్రపు నీటిలోని సున్నమును తీసికొని అది తన క్రింద గట్టి గూడు కట్టుకొనును. అది చనిపోయినను గూడు నిలుచును. దానిమీద మరియొకటి కట్టును. గుండ్రని బండవలె పెరుగు జాతులు సంవత్సరమునకు ఒక సెంటీమీటరు అటునిటుగా మాత్రమే పెరుగును. నిలువెత్తు బండ యొకటి కనబడినయెడల అది మన తాతముత్తాతల నాటిదని తెలిసికొనవలెను.

దీని దేహములో కంటికి కానరాని నాచువంటి జీవులు కాపురముండును. అవి ఎండతో ఆహారము వండి దానికి పెట్టును, రంగును ఇచ్చును. అది వానికి చోటిచ్చి కాపాడును. ఆ జీవులు లేనిదే పగడము చాలకాలము బ్రదుకలేదు.

3. చెరువు కట్టవంటి దిబ్బ

పగడపు దిబ్బ దీవికి చేయు మేలు మన చెరువు కట్టను బట్టి తెలిసికొనవచ్చును. నడి సముద్రమునుండి వచ్చు పెద్ద అల దిబ్బకు తగిలి విరిగి, మత్తడిమీది నీటివలె పలుచనై లోపలికి వచ్చును. కనుకనే దిబ్బకును ఒడ్డునకును నడుమ నీరు తరచుగా నెమ్మదిగా నుండును. చేపపిల్లలు అక్కడ పెరుగును. సముద్రపు అడుగుభాగములో ఇట్టి దిబ్బలు నూటికి ఒక వంతుకంటె తక్కువ. అయినను సముద్ర జీవజాతులలో ఇంచుమించు నాలుగవ వంతు వానినే ఆశ్రయించియున్నవి.

ఒడ్డుననున్న తెల్లని ఇసుకయు చాలవరకు పగడములనుండియు గుల్లలనుండియు వచ్చినదే. చిలుకముక్కువంటి నోరుగల చేప యొకటి పగడపు రాతిని గీకి తిని, దానిని ఇసుకగా విసర్జించును. సముద్రమునకు ఇసుక సరిహద్దుగా నియమింపబడిన సంగతి యిర్మీయా గ్రంథములో చదువుదుము. ఆ సరిహద్దును తయారుచేయు పనివారు ఎంత చిన్నవారో చూడుడి.

4. దిబ్బకు వచ్చిన కీడు

2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపములో ఉత్తర అండమానులోని కొన్ని తీరములు మీటరు మేర పైకి లేచెను. నీరు విడిచిన పగడములు ఎండి చచ్చెను. దక్షిణమున ఇందిరా పాయింటు వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా క్రుంగెను. సునామీ నికోబారు గ్రామములను తుడిచిపెట్టెను. ఇది మనుష్యుని చేతిలోని సంగతి కాదు.

రెండవ కీడు అట్టిది కాదు. నీరు కొన్ని వారములపాటు మామూలుకంటె ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కినను పగడము తనలోని నాచును వెళ్లగొట్టి తెల్లబడును. వేడి త్వరగా తగ్గినయెడల కోలుకొనును. తగ్గనియెడల ఆకలితో చచ్చును. అండమానులో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు జరిగెను. 2024లో లోకమంతట నాలుగవసారి ఈ కీడు వ్యాపించినదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

సముద్రము వేడెక్కుటకు ముఖ్యకారణము బొగ్గు, నూనె కాల్చుటవలన ఆకాశములో చేరు వాయువు. మన సంఘములలో సింగరేణి బొగ్గు గనులలో చెమటోడ్చి పిల్లలను చదివించినవారు అనేకులు. మన ఇంటి దీపము రామగుండములో కాలిన బొగ్గువలన వెలుగుచున్నది. ఆ కష్టజీవులను నిందించుట ఈ పాఠముయొక్క ఉద్దేశము కాదు. అయితే మనము చూడని సముద్రమునకును మన దీపమునకును సంబంధమున్నదని తెలిసికొనుట అవసరము. ఊరక వెలుగు దీపమును ఆర్పుటకు, ఎండతో కరెంటు తీయు పలకలను గుడికప్పుమీద పెట్టుటకు సంఘపెద్దలు ఆలోచింపవచ్చును.

5. చూడబోవువారికి

వండూరు వద్ద 1983లో ఏర్పరచిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయోద్యానము పట్టణమునకు సుమారు 30 కిలోమీటర్లు. అక్కడనుండి జాలీ బాయ్ దీవికి పడవలు పోవును. అడుగున అద్దముగల పడవలోనుండి పగడములను తడవకయే చూడవచ్చును. ప్లాస్టికు సీసాలను ఆ దీవికి తీసికొనిపోనియ్యరు. చలికాలము మొదలు వేసవి ప్రారంభమువరకు మంచి సమయము. వర్షకాలములో సముద్రము పొంగును.

సముద్రము వెనుకకు తగ్గినప్పుడు పగడములమీద నడువకూడదు. ఒక్క అడుగుతో ఇరువది ఏండ్ల పెరుగుదల విరుగును. ఒడ్డున పడియున్న ముక్కనైనను సంచిలో వేసికొని రాకూడదు. మన కవ్వాల అడవిలోని పులికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎట్లు కాపుగా నున్నదో, దిబ్బలు కట్టు పగడములకును ఆ చట్టమే కాపు. జెండాలు పాతి వద్దన్నచోట నీటిలో దిగకూడదు. కొన్ని తీరములలో మొసళ్లు కలవు.

జారవా జనుల అడవిగుండా పోవు దారిలో బండి ఆపుట, వారి ఫోటోలు తీయుట, తినుబండారములు విసరుట నిషిద్ధము. సెంటినెల్ దీవికి ఎవరును పోరాదు. వారు కోరని సహవాసము వారికి రోగములు తెచ్చును. మన వాకిట ఎవరో నిలిచి మనలను వింతగా చూచి నవ్వినయెడల మనకెట్లుండునో, వారికిని అట్లే ఉండును.

ఆలోచించుటకు ప్రశ్నలు

(1) మన చెరువు కట్టను ఎవరు కాపాడుచున్నారు? పగడపు దిబ్బను ఎవరు కాపాడవలెను?

(2) చిన్న ప్రాణులు తరతరములుగా కట్టినదానిని ఒక్క దినములో పాడుచేయు అలవాట్లు మన ఊరిలో ఏవి?

(3) అతిథిగా పోయిన చోట మనము వదలి రావలసినదేమి, తీసికొని రాకూడనిదేమి?