తోటపక్షులకు ఆతిథ్యము

ఇంగ్లండునందు మార్చి నెలతో వసంతము ప్రారంభమగును. కాని కొన్నియేండ్లు చలి వదలదు. 2018వ సంవత్సరమున ఫిబ్రవరి చివరను, మార్చిలోను మిక్కుటముగా మంచు కురిసెను. అట్టి దినములలో నేల గట్టిపడి పురుగులు దొరకవు, త్రాగుటకు నీరుండదు. బ్లూటిట్ అను నీలిపిట్ట బరువు సుమారు 11 గ్రాములు మాత్రమే. పగలు కూడబెట్టిన కొవ్వును అది రాత్రి వెచ్చదనమునకై ఖర్చు చేయును. తెల్లవారినపుడు మేత దొరకకున్న ప్రాణాపాయమే.

అందుచే అచటి గృహస్థులు తోటలలో పొద్దుతిరుగుడు గింజలు, ఉప్పులేని వేరుసెనగపప్పు వ్రేలాడగట్టుదురు. గడ్డకట్టిన నీటిని మార్చి మంచినీరు పోయుదురు.

అయినను దయ యొక్కటియే చాలదు. 2005 నుండి బ్రిటనులో గ్రీన్‌ఫించ్ అను పచ్చపిట్టలలో ఒక గొంతువ్యాధి వ్యాపించెను. వ్యాధిగల పక్షి ముట్టిన మేతవలనను, నీటివలనను అది ఇతర పక్షులకు సోకును. ఆ జాతి మిక్కిలి క్షీణించి 2021లో ఎఱ్ఱపట్టికకెక్కెను. కావున మేతపాత్రలను తఱచుగా కడిగి ఆరబెట్టవలయును. జబ్బుపక్షి కనబడినచో కొంతకాలము మేత నిలుపవలయును.

ఇట్టి క్షీణత లెక్కించువారివలననే తెలియును. 1979లో బాలబాలికల కొఱకు ప్రారంభమైన తోటపక్షుల గణన అచట నేటికిని ప్రతి జనవరిలో జరుగుచున్నది. ఒక గంట కూర్చుండి, ఒక్కొక్క జాతిలో ఏకకాలమున కనబడిన గరిష్ఠ సంఖ్యను వ్రాసికొందురు. అందుచే ఒకే పక్షి రెండుమార్లు లెక్కకు రాదు.

పిచ్చుకల కొఱకు చూరునకు వరికంకుల కుచ్చులు కట్టు ఆచారము మన పల్లెలలోను కలదు. బాలలారా! మీరును అట్టి కుచ్చు కట్టి, వచ్చిన పక్షులను గమనించి, దినదినము లెక్క వ్రాసికొనుడు.