కొండదారిలో మంచినీళ్ళు

శివరాత్రి దగ్గరకొచ్చింది. కాలవ గట్టు ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు శ్రీశైలం నడిచి వెళ్దామనుకున్నారు. ఆత్మకూరు దాకా బస్సు. ఆ దగ్గర్లో వెంకటాపురం నుంచి నడక. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటాలి. కైలాసద్వారం ఎక్కాలి. అంతా నల్లమల అడవి. రెండు మూడు రోజులు పడుతుంది.

"నీళ్ళకేం లోటు అత్తయ్యా? శ్రీశైలం పక్కనే కృష్ణ ఉందిగా!" అంది కోడలు.

"ఉందమ్మా. అది ఎక్కడో లోయలో ఉంది. మనం నడిచేది కొండ మీద" అంది అత్త. ఆమె అంతకు ముందు ఒకసారి వెళ్ళొచ్చింది.

శ్రీశైలం దాటిన కృష్ణే విజయవాడకు వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర మన కాలవల్లోకి మళ్ళుతుంది. కానీ శివరాత్రి నాటికి నల్లమల వాగులు చాలావరకు ఎండిపోతాయి. అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. పశువులూ, అడవి జంతువులూ వాటిలోనే తాగుతాయి.

"పోయినసారి మా తోడికోడలు మడుగులో నీళ్ళు తాగింది. తేటగానే ఉన్నాయి. రాత్రికి వాంతులు, విరేచనాలు. తెల్లారి అడుగు వేయలేకపోయింది. నలుగురు మోసుకొచ్చారు" అంది అత్త.

తేట నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు. రోగక్రిములు కంటికి కనపడవు.

ఎండలో నడిచే మనిషికి గంటకు అర లీటరు దాకా నీళ్ళు కావాలి. లీటరు నీళ్ళు కిలో బరువు. నాలుగు లీటర్లు మోస్తే నాలుగు కిలోలు. రోజూ బిందె మోసే చేతులకు ఇదో లెక్కా అనిపిస్తుంది. కొండ ఎక్కేటప్పుడు తెలుస్తుంది! రెండు సీసాల్లో పోసి, రెండు భుజాలకూ చెరొకటి తగిలించుకుంటే బరువు సమంగా ఉంటుంది. దారిలో దేవస్థానం వాళ్ళు, దాతలు నీళ్ళు పెడతారు. అలాంటి ప్రతిచోటా సీసాలు నింపుకోవాలి.

మడుగు నీళ్ళే గతి అయితే ముందు వడకట్టాలి. దీనికి పాత నూలు చీరే మేలు. ఉతికి ఉతికి దారాలు ఉబ్బుతాయి. సందులు చిన్నవవుతాయి. కొత్త చీర గొప్ప ఇక్కడ చెల్లదు. గుడ్డను మూడుసార్లు మడిస్తే ఎనిమిది పొరలు అవుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఆడవాళ్ళు ఇలాగే వడకట్టారు. అక్కడ కలరా దాదాపు సగం తగ్గిందని 2003లో శాస్త్రవేత్తలు చెప్పారు. నీళ్ళలో నలకలంత పురుగులు ఉంటాయి. కలరా క్రిములు వాటిని అంటుకుని ఉంటాయి. ఆ పురుగులు గుడ్డలో చిక్కుకుంటాయి. వడకట్టాక గుడ్డను ఉతికి ఎండలో ఆరేయాలి.

విడిగా ఉన్న క్రిములు మాత్రం గుడ్డలోంచి దిగిపోతాయి. ఇంట్లో అయితే కాచుకుంటాం. ఎండిన అడవిలో నిప్పు పెట్టకూడదు. అందుకే క్లోరిన్ బిళ్ళ కావాలి. బిందెకు వేసే బిళ్ళ వేరు, సీసాకు వేసే చిన్న బిళ్ళ వేరు. ఎన్ని నీళ్ళకు ఏది వేయాలో ఆశా కార్యకర్తను ముందే అడగాలి. బిళ్ళ వేశాక అరగంట ఆగి తాగాలి.

"మరి విరేచనాలు పట్టుకుంటే?" అంది కోడలు.

"ఓ.ఆర్.ఎస్. పొట్లాలు తీసుకెళ్దాం. ప్యాకెట్టు మీద లీటరుకని ఉంటే లీటరు మంచినీళ్ళలోనే కలపాలి. కొంచెం కొంచెం తాగిస్తూ డాక్టరు దగ్గరకు చేర్చాలి."

కోడలు పెట్టె తీసింది. అడుగున అత్త పాత నేతచీర కనపడింది. కొంగు వైపు మూరెడు చింపి, ఉతికి, దండెం మీద ఆరేసింది.