తేలిక బగ్గీకి గాలి షాకబ్జార్బర్లు

ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు తమ చేతులతో చిన్న బగ్గీలను నిర్మించి, గుంటలు, దిబ్బలు, బండరాళ్లు గల దారిలో నడిపి చూపు పోటీ యొకటి మన దేశమున 2007వ సంవత్సరము నుండి జరుగుచున్నది. దానిని బాజా ఎస్.ఏ.ఇ. ఇండియా యందురు. తొలి పోటీ మధ్యప్రదేశ్‌లో ఇండోర్ దాపున నున్న పీథంపూర్‌లో జరిగెను. దీనికి మూలము 1976లో అమెరికాయందలి సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయమున జరిగిన పోటీ. ఇందు చివరి పరీక్ష 4 గంటల పరుగు. పెట్రోలు బగ్గీలన్నిటికిని ఒకే తరహా ఇంజను, సుమారు 10 అశ్వశక్తులది, ఉండవలెనని నియమము. ఇంజను అందరికి నొకటే యైనపుడు తారతమ్యము ఎచ్చట వచ్చును? బండి బరువులో వచ్చును. చక్రము నేలను విడువకుండుటలో వచ్చును. నాలుగు గంటల కుదుపునకు నడుపువాని నడుము నిలుచుటలో వచ్చును. ఈ మూడును షాకబ్జార్బరుతో ముడిపడినవే.

మన చంద్రపూర్ తెలుగు పిల్లలలో కొందరు పదవ తరగతి ముగియగానే పాలిటెక్నిక్కులోనో, తరువాత ఇంజనీరింగులోనో చేరుదురు. అచ్చట పాఠము మరాఠీలోనో ఇంగ్లీషులోనో సాగునపుడు, తెలుగులో నేర్చిన శాస్త్రము అక్కరకు రాదేమో యని తల్లిదండ్రులు శంకింతురు. ఈ శంక మాకును పలుమారు వినవచ్చినది. రెండు మూడు సూత్రములును, భిన్నముల గుణకారమును వచ్చినచో ఈ యంత్రభాగమును తెలుగులోనే తుదిముట్ట గ్రహింపవచ్చునని చూపుటకై ఈ పాఠము వ్రాయుచున్నాము.

షాకబ్జార్బరు రెండు పనులు చేయును. బండి బరువును మోసి, దెబ్బ తగిలినపుడు క్రుంగి మరల లేచుట స్ప్రింగు పని. లేచిన బండి ఊయలవలె ఊగుచుండకుండ అణచుట నూనె పని. సన్నని రంధ్రముల గుండ నూనె పోవునపుడు కలుగు నిరోధమే ఆ ఊపును చంపును. మామూలు షాకబ్జార్బరునకు పైన ఉక్కు స్ప్రింగు చుట్టబడియుండును. గాలి షాకబ్జార్బరులో ఉక్కునకు బదులు మూసిన గొట్టములోని గాలియే స్ప్రింగు.

గాలి స్ప్రింగగుట యెట్లు? సైకిలు పంపు చివరను బొటనవ్రేలితో గట్టిగ మూసి పిడిని నొక్కి చూడుడు. మొదట సులభముగ దిగును. పోను పోను మొరాయించును. విడువగనే వెనుకకు తన్నును. గాలి ఘనపరిమాణము సగమైనచో పీడనము రెట్టింపగునని 1662లో బాయిల్ ప్రకటించిన సూత్రమిదే. ఉక్కు స్ప్రింగు మొదటి సెంటీమీటరున కెంత బలము నడుగునో చివరి సెంటీమీటరునకును అంతే యడుగును. గాలి యట్లు కాదు.

లెక్కకై ఒక గొట్టమును ఊహింతము. పూర్తిగా సాగియున్నపుడు గాలి స్తంభము 20 సెం.మీ.; పిస్టన్ 15 సెం.మీ. వరకు చొచ్చుకొని రాగలదు. బయటి గాలి పీడనము చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు 1 కిలో. మనము పంపుతో నింపగా గేజీ 3 చూపినచో లోపలి మొత్తపు పీడనము 4. పిస్టన్ సగము దూరము, అనగా 7.5 సెం.మీ., వచ్చినపుడు మొత్తము 6.4 అగును; గేజీ లెక్కలో 5.4. పూర్తిగా వచ్చినపుడు మొత్తము 16, గేజీ లెక్కలో 15. తొలి సగమున పెరిగినది 2.4 మాత్రమే, మలి సగమున 9.6! చిన్న గతుకులకు మెత్తగ నుండి, పెద్ద దెబ్బకు గట్టిపడు గుణము గాలికి పుట్టుకతోనే వచ్చినది. పైగా దెబ్బ క్షణములో తగిలినపుడు గాలి వేడెక్కును. వేడి బయటికి పోవుటకు వ్యవధి లేదు గనుక ఆ 16 కాస్తా 28 వరకు పోగలదు. పంపు కొట్టినపుడు దాని అడుగుభాగము చేతికి వెచ్చగ తగులుట మన మెరిగినదే.

ఇన్ని గుణములున్నవని గాలి షాకబ్జార్బరే ఎల్లరకు శ్రేష్ఠమని మేము చెప్పము. దానివలన ఉక్కు బరువు తప్పును. బండి బరువు మారిన కొలది స్ప్రింగును మార్చనక్కరలేక గాలి మార్చిన చాలును. అయితే ధర యెక్కువ. గాలి నాపు సీళ్లు బిగువుగ నుండుటచే మిక్కిలి చిన్న గతుకులకు కదలక కొంత మొండితనము చూపును. సీలు చెడినచో ఆ మూల బండి చతికిలబడును; ఉక్కు స్ప్రింగు నూనె కారిపోయినను బండిని మోయుచునే యుండును. డబ్బు తక్కువగ నున్న జట్టు మోటారు సైకిలు షాకబ్జార్బరును చక్కగ సవరించుకొని పరుగు పూర్తిచేయుట, ఖరీదైన దానిని కొని సవరింప నేర్వకపోవుటకంటె మేలు.

ఎంత గాలి నింపవలయునో ఊహతో తేల్చరాదు. నడుపువానితో కలిపి 220 కిలోల బగ్గీ యనుకొందము. అందు నూటికి 40 పాళ్లు ముందు చక్రములపై పడినచో 88 కిలోలు, ఒక్కొక్క చక్రమునకు 44. చక్రము, టైరు, హబ్బు మొదలగువాని బరువు 13 కిలోలు నేరుగ నేలపైననే యుండును గనుక స్ప్రింగు మోయవలసినది 31. చక్రము 25 సెం.మీ. లేచునపుడు షాకబ్జార్బరు 15 సెం.మీ. మాత్రమే కదలునట్లు బిగించిరేని నిష్పత్తి 0.6. మీటకోల సూత్రమును బట్టి షాకబ్జార్బరుపై పడు బలము 31ని 0.6తో భాగింపగా వచ్చు 52 కిలోలు. పిస్టన్ వైశాల్యము 12 చ.సెం.మీ. అయినచో గేజీ లెక్కన 4.3 పీడనము కావలయును.

బండి నిలిచియున్నపుడే షాకబ్జార్బరు తన కదలికలో మూడవ వంతు క్రుంగియుండుట మంచిది. క్రుంగుట లేనిచో గుంట వచ్చినపుడు చక్రము క్రిందికి దిగి నేల నందుకొనజాలదు. మూడవ వంతనగా 5 సెం.మీ.; అప్పుడు గాలి స్తంభము 15 సెం.మీ. మొత్తము 5.3 ఉండవలె గనుక, సాగియున్నపుడు 4, గేజీ 3. మన మొదటి అంకె ఇట్లు వచ్చినదే!

ఇంతటితో నిలుచునపుడు బండి ఎత్తు కుదిరినది. గెంతినపుడు అడుగంటి ఠక్కున కొట్టుచున్నచో, తొందరపడి గాలి పెంచుట చాలమంది చేయు పని. అట్లు చేసిన బండి లేచి నిలుచును, చిన్న గతుకులకు కరకుదన మెక్కువగును. గాలి గదినే కొంచెము చిన్నది చేయుట సరియైన మార్గము. కొన్నిటిలో ఇందుకై కొద్దిగ ప్రత్యేకమైన నూనె పోయుదురు, కొన్నిటిలో బిళ్లలు వేయుదురు. మన గొట్టములో 2 సెం.మీ. బిళ్ల వేసి, అదే గేజీ 3 నింపినచో సగము దూరమున 5.4 ఉన్నది 5.9 అగును, చివర 15 ఉన్నది 23 అగును. మొదలు ఇంచుమించు మారలేదు, చివర మాత్రము గట్టిపడినది. ఫాక్స్ కంపెనీవారి ఎవాల్ రకమునందు రెండవ గది యొకటి యుండును. అందు ఎక్కువ పీడనము నింపుదురు. మొదటి గది పీడనము దానిని మించగనే నడుమ నున్న పిస్టన్ జరిగి చోటిచ్చును. ఆ రెండవ పీడనమును తగ్గించియు హెచ్చించియు చివరి గట్టిదనమును విడిగ సవరింపవచ్చును.

ఇక మన యూరివారు ప్రత్యేకించి గమనింపవలసినది ఎండ. చంద్రపూర్‌లో మే నెలలో వేడి 45 డిగ్రీలు దాటుట కొత్త కాదు. జనవరి ఉదయమున 15 డిగ్రీల వద్ద నింపిన షాకబ్జార్బరును మే మధ్యాహ్నమున వాడితి మనుకొనుడు. కెల్విన్ మానమున 288 డిగ్రీలు 318 అయినవి. మొత్తపు పీడనము 4 నుండి 4.4కు పెరుగును. నిలిచినపుడు 5 సెం.మీ. క్రుంగవలసినది 3.4 మాత్రమే క్రుంగును. చక్రము వద్ద బండి 2.7 సెం.మీ. ఎత్తుగ నిలుచును. పరుగులో నూనె వేడెక్కుటచేతను గాలి కొంత వేడెక్కును. కావున గేజీ అంకెతోపాటు నింపిననాటి ఉష్ణోగ్రతను పుస్తకములో వ్రాసికొనవలయును. నత్రజని నింపిన ఈ చిక్కు ఉండదని కొందరందురు. అందు తేమ లేకుండుట మేలే గాని, వేడికి పెరుగు లెక్క దానికిని ఇంచుమించు ఇదే.

గాలి నింపునపుడు బండిని జాకీతో ఎత్తి చక్రములు వ్రేలాడునట్లు చేయవలయును. లోపలి చోటు మిక్కిలి చిన్నది గనుక పెట్రోలు బంకులోని గొట్టము పనికిరాదు. షాకబ్జార్బరు పంపునే వాడవలయును. గేజీ తగిలించినంతనే కొంత గాలి దాని గొట్టములోనికి పోవును. రెండవ మారు చూచిన అంకె తగ్గియున్నచో గాలి కారుచున్నదని భయపడనక్కరలేదు. తయారుచేసినవారు చెప్పిన గరిష్ఠ పీడనమును మించరాదు. గాలి నంతయు తీయనిదే షాకబ్జార్బరును విప్పనే రాదు. లోపలి భాగములు తూటావలె ఎగిరి ముఖమునకు తగులగలవు.

నూనె నిరోధమును చివర సవరింపవలయును. వెనుకకు లేచుట మరీ నెమ్మది యైనచో, వరుస గతుకులలో చక్రము దిగకమునుపే రెండవ దెబ్బ తగిలి బండి అంతకంతకు క్రుంగిపోవును. మరీ వేగమైనచో బండి వెనుకభాగము ఎగసి తన్నును. గాలి పెంచినపుడెల్ల ఈ నిరోధమును కొంచెము బిగింపవలసియుండును. ఒక పూట ఒక్క మార్పు మాత్రమే చేసి, అదే దారిలో నడిపి, ఫలితము వ్రాసికొనుడు. రెండు మార్పులు కలిపి చేసిన జట్టునకు ఏది మేలు చేసెనో తెలియదు.

పై తరగతుల విద్యార్థులకు లెక్క: అదే బగ్గీలో మిగిలిన 60 పాళ్ల బరువు వెనుక చక్రములపై నున్నది. ఒక్కొక్క వెనుక చక్రము, దాని భాగముల బరువు 16 కిలోలు. నిష్పత్తి, పిస్టన్ వైశాల్యము, గాలి స్తంభము, క్రుంగుట ముందువలెనే. వెనుక షాకబ్జార్బరునకు సాగియున్నపుడు గేజీ ఎంత చూపవలయును? ఇంచుమించు 5 రావలయును.