విద్యుత్ బస్సుల డిపో: ఖరగ్‌పూర్ నుంచి తిరుమల దాకా

ఖరగ్‌పూర్ అనగానే పోటీ పరీక్షల అభ్యర్థులకు 1072.5 మీటర్ల ప్లాట్‌ఫాం గుర్తొస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఎందరో తెలుగు కార్మికులు పనిచేసిన అక్కడి వర్క్‌షాప్‌నూ గుర్తుంచుకోవాలి. చెడిపోయేదాకా ఆగకుండా, గడువు ప్రకారం బండిని విప్పి బాగుచేసే పీరియాడిక్ ఓవర్‌హాల్ పద్ధతి అక్కడ నడుస్తుంది. విద్యుత్ బస్సుల డిపోకూ ఈ ముందుచూపే ప్రాణం.

ఈ బస్సుల్లో ఇంజిన్ ఆయిల్ మార్చే పని లేదు. బ్యాటరీ వేడి, హై వోల్టేజ్ ఇన్సులేషన్, అగ్నిమాపక ఏర్పాట్లు చూసుకోవాలి. బస్సులన్నీ ఒకేసారి ఛార్జింగ్‌కు పెడితే గరిష్ఠ డిమాండ్ పెరిగి కరెంటు బిల్లు మోయలేం. అందుకే వంతులవారీ ఛార్జింగ్, డిపో కప్పుపై సౌర ఫలకాలు అవసరం.

ఇలాంటి డిపోల అవసరం పెరుగుతోంది: కేంద్ర పథకం పీఎం ఈ-బస్ సేవ (2023) లక్ష్యం 10,000 బస్సులు. తిరుమలకు ఏపీఎస్ఆర్టీసీ విద్యుత్ బస్సులు 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి. అక్కడి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు రీజెనరేటివ్ బ్రేకింగ్ బ్యాటరీని కొంత నింపుతుంది.