మైకు మోగిందా? మెదడు ఆన్ చేయండి!

ఎన్నికలొస్తే కమలాపురంలో మీరేం చేస్తారు? ఆటో మీద మైకు పాట వింటారు. గడప దగ్గరికొచ్చిన నాయకుడికి నమస్కారం పెడతారు. వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు నాలుగు గ్రూపులకు పంపిస్తారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర గొంతు పోయేదాకా వాదిస్తారు.

ఈసారి ఇంకో పని చేయండి. నేర్చుకోండి!

క్రిటికల్ థింకింగ్ కోర్సులకు జనం వేలకు వేలు పోస్తున్నారు. ప్రచారం రోజుల్లో ఆ క్లాసు మీ వీధిలోకే వస్తుంది. ఫీజు లేదు. ఒకే విషయాన్ని ముగ్గురు మూడు రకాలుగా చెప్తారు. ముగ్గురికీ కావాల్సింది మీరు నమ్మడమే. ప్రాక్టీసుకు ఇంతకంటే మంచి సరుకు ఎక్కడ దొరుకుతుంది?

మొదటి పాఠం మన కడప జిల్లాలోనే ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ.

"విభజన చట్టంలోనే కడపకు ఉక్కు ఫ్యాక్టరీ రాసిచ్చారు." ఈ మాట మీరు ఎన్నిసార్లు విన్నారు? మరి ఆ చట్టం తీసి చూశారా? 2014 చట్టం 13వ షెడ్యూల్‌లో ఉన్నది ఇది: వైఎస్సార్ జిల్లాలో (అంటే మన కడపలోనే) సమగ్ర ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమా కాదా అన్నది సెయిల్ సంస్థ ఆరు నెలల్లో పరిశీలించాలి. అంతే. పరిశీలించాలని ఉంది, కట్టాలని లేదు. మీటింగుల్లో ఆ తేడా ఎవరూ చెప్పరు. చదివితేనే తెలుస్తుంది.

ఇక శంకుస్థాపనల సంగతి. 2007లో రాజశేఖరరెడ్డి హయాంలో బ్రహ్మణి స్టీల్స్‌కు రాయి వేశారు. 2018 డిసెంబరులో చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర వేశారు. 2019 డిసెంబరులో జగన్ సున్నపురాళ్లపల్లె దగ్గర వేశారు. 2023 ఫిబ్రవరిలో జేఎస్‌డబ్ల్యూతో కలిసి అక్కడే మళ్లీ వేశారు. అన్నీ జమ్మలమడుగు చుట్టుపక్కలే. ఇన్ని రాళ్లు చూసిన జిల్లా మనది! కాబట్టి రేపు ఎవరు వచ్చి ఫ్యాక్టరీ మాట ఎత్తినా మీ ప్రశ్న రెడీగా ఉండాలి: "పోయినసారికీ ఈసారికీ ఏం మారింది?" డబ్బు ఎవరిది, నీళ్లు ఎక్కడివి, ఖనిజం ఏ గనిది, ఏ తేదీకి ఏ పని? జవాబు రాకపోతే చప్పట్లు దాచుకోండి. విత్తన కాయలు ఒలిచి చూడకుండా కొనరు కదా!

ఇలా ప్రశ్నించడం రావాలంటే మూడు అలవాట్లు చేసుకోవాలి.

అలవాటు 1: విన్న ప్రతి మాటనూ మూడు గంపల్లో ఒకదాంట్లో వేయండి. జరిగినదా? అభిప్రాయమా? హామీయా? జరిగినదైతే చెక్ చేయండి. అభిప్రాయమైతే కారణం అడగండి. హామీ అయితే లెక్క కట్టండి.

లెక్క అంటే భయపడకండి. 2024లో టీడీపీ కూటమి ఆడబిడ్డ నిధి కింద 18 నుంచి 59 ఏళ్ల మహిళలకు నెలకు 1,500 అంది. ఏడాదికి ఒకరికి 18,000. కోటి మంది అనుకుందాం. 18 వేల కోట్లు. ఇది గుణకారమే! 2019లో వైసీపీ దశలవారీ మద్యనిషేధం అంది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న: ఆ ఆదాయం పోతే ఖజానాకు ఏది దారి? మేనిఫెస్టోలో హామీకి కారణం, డబ్బు తెచ్చే మార్గం స్థూలంగానైనా చెప్పాలని ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళే అంటోంది. మీరు అడగడం తప్పెలా అవుతుంది?

అలవాటు 2: అంకె కనబడగానే "దేంట్లో?" అనండి. 2019లో టీడీపీకి దాదాపు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకి కూడా దాదాపు 39 శాతమే, 11 సీట్లు. "జనం తుడిచిపెట్టేశారు" అనే మాట సీట్లలో నిజం. ఓట్లలో? పదిమందిలో నలుగురు దాకా ఓడిన పార్టీకే వేశారు.

ఇంకో పజిల్, ఇది పిల్లలకు బాగా నచ్చుతుంది. కడప ఎంపీ స్థానం కింద ఏడు అసెంబ్లీలు. 2024లో కమలాపురం, కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు టీడీపీ గెలిచింది. జమ్మలమడుగు బీజేపీ గెలిచింది. ఏడింట ఐదు కూటమివి. మరి ఎంపీగా గెలిచింది? వైసీపీ అవినాష్ రెడ్డి! ఎట్లా? జవాబు వెంటనే చెప్పేయకండి. పిల్లల్నే తవ్వనివ్వండి. పులివెందులలో జగన్ మెజారిటీ 61 వేలు దాటింది. కాంగ్రెస్ నుంచి నిలబడ్డ షర్మిలకు లక్షకు పైగా ఓట్లు పడ్డాయి. ఒకే మనిషి రెండు మెషీన్లలో రెండు గుర్తులు నొక్కొచ్చు. ఈ మూడింట్లో ఏది ఎంత పని చేసింది? వాదించుకోనివ్వండి.

అలవాటు 3 అసలైనది. కష్టమైనది కూడా. గట్టి ప్రశ్న మీ పార్టీకే ముందు వేయండి.

మన సీమలో ఫలానా ఇల్లు ఫలానా పార్టీ అని ఊరంతా తెలుసు. అవతలివాళ్ల అబద్ధం పట్టడానికి మీకు ట్రైనింగ్ అక్కర్లేదు, పుట్టుకతో వచ్చింది. మనవాళ్ల అతిశయోక్తి పట్టినప్పుడే మెదడుకు కండ పెరుగుతుంది. 2024లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం మీద ఎంత గోల జరిగిందో గుర్తుందా? భూములు పోతాయని ఒకరు, భూములకు రక్షణ అని ఒకరు. మీరు నమ్మిన మాట ఏ సెక్షన్‌లో ఉందో చూపించగలరా? చూపించలేకపోతే మీరు నమ్మింది మనిషిని, చట్టాన్ని కాదు.

ఒక జాగ్రత్త. ఈ కసరత్తు ఇంట్లో మొదలుపెట్టండి. మన ఊళ్లలో రచ్చబండ మీద ప్రశ్నకు ఒక్కోసారి ఖరీదు ఉంటుంది. ధైర్యం మంచిదే, తొందర వద్దు.

ఇంట్లో ఎలా నేర్పాలి? ఒకే మీటింగు వార్తను రెండు పేపర్లలో పక్కపక్కన పెట్టండి. ఏ రెండు పేపర్లో నేను చెప్పక్కర్లేదు! ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిది ఏమిటో ఎనిమిదో తరగతి పిల్ల కూడా పది నిమిషాల్లో పట్టేస్తుంది.

తర్వాత పెద్దవాళ్ల దగ్గరికి పంపండి.

"అవ్వా, ఆ గుర్తుకే ఎందుకేస్తావు?"

"మా నాయన కాలం నుంచి ఏస్తాండాం లేరా."

ఇక్కడ నవ్వకూడదని పిల్లలకు ముందే చెప్పండి. అదీ ఒక కారణమే. నెమ్మదిగా రెండో ప్రశ్న వేయమనండి: "ఏం జరిగితే మానుకుంటావు అవ్వా?" ఈ ప్రశ్న మీకూ వేసుకోండి. జవాబు లేకపోతే మీరింకా ఆలోచించడం మొదలుపెట్టలేదు.

ఎన్నికలు దూరంగా ఉన్నాయా? పాత ఎన్నికే చాలు. ఫారం 26 అఫిడవిట్‌లో అభ్యర్థి ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు ఉంటాయి. ఫారం 20లో బూత్ వారీగా ఎవరికెన్ని ఓట్లో ఉంటుంది. రెండూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. "మన ఊరు ఊరంతా మాకే వేసింది" అని చెప్పుకున్న మాట ఈ రాత్రే చెక్ చేయండి. బూత్ నంబరు మీ పాత ఓటరు స్లిప్ మీద ఉంటుంది.