పెద్ద సంఖ్య – చిన్న కారకము

429,49,67,297. ఈ సంఖ్యను చదువుటకే కొంత ప్రయాస కలుగును. దీనిని శేషము లేకుండ భాగింపగల చిన్న సంఖ్య యేదైన కలదా? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు తొంబదిరెండు సంవత్సరములు పట్టెను.

ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరమందు పియెర్ ఫెర్మా అను న్యాయవేత్త యుండెను. తీరిక వేళలందు గణితము నభ్యసించి ఆయన గొప్ప కీర్తి గడించెను. 2తో నారంభించి, వచ్చిన సంఖ్యను మరల దానితోనే హెచ్చవేయుచు పోయినచో 2, 4, 16, 256, 65,536 వచ్చును. వీనికి ఒక్కొక్కటి చేర్చినచో 3, 5, 17, 257, 65,537 ఏర్పడును. ఈ యైదును ప్రధాన సంఖ్యలే. అనగా ఒకటియు తామును తప్ప మరియే సంఖ్యయు వీనిని శేషము లేకుండ భాగింపజాలదు. ఇది చూచి ఫెర్మా, ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని 1640లో లేఖలయందు వ్రాసెను. కాని ఉపపత్తి తనకు లభింపలేదని ఆయనయే యొప్పుకొనెను.

ఆ వరుసలో ఆరవది మన పెద్ద సంఖ్య. దీనిని పరీక్షించుట సులభము కాదు. 65,536కు లోపల 6,542 ప్రధాన సంఖ్యలు కలవు. వానిలో ప్రతిదానిచేతను భాగించి చూచుట కెంత ఓర్పు కావలెను!

1729లో గోల్డ్‌బాక్ అను పండితుడు ఫెర్మా మాటను ఒక లేఖలో ఆయిలరునకు జ్ఞాపకము చేసెను. ఆయిలరు అప్పుడు రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గున నున్న యువకుడు. ఆ పెద్ద సంఖ్యను 641 భాగించునని 1732లో ఆయన చూపెను. అందలి మర్మమును ఆయన తరువాత వివరించెను. ఆ సంఖ్యకు ప్రధాన కారకము కలిగినచో, దానిని 64చే భాగింపగా 1 శేషము రావలెను. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. వేలకొలది పరీక్షలు ఐదింటికి తగ్గెను! ఐదవదానితో శేషము మిగులలేదు, భాగఫలము 67,00,417.

విద్యార్థులు దీనిని తామే సరిచూడవచ్చును. 67,00,417ను 600చే హెచ్చవేయగా 402,02,50,200. 41చే హెచ్చవేయగా 27,47,17,097. ఈ రెండింటి మొత్తము 429,49,67,297.

ఫెర్మా సంఖ్యలు వ్యర్థము కాలేదు. 17 భుజములు గల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతోనే గీయవచ్చునని 1796లో గౌస్ కనుగొనెను. దానికి మూలము 17 ఫెర్మా వరుసలోని ప్రధాన సంఖ్య యగుటయే. అయినను, మొదటి యైదు తప్ప ఆ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య నేటివరకు ఎవరికిని దొరకలేదు.

ఐదు నిదర్శనములు సరిపోయినంతమాత్రమున ఆరవది సరిపోవునని చెప్పరాదు. చెప్పినవాడు మహానుభావుడే యైనను ఆ మాటను పరీక్షింపవలెను. తనకు ఉపపత్తి లేదని దాచక చెప్పిన ఫెర్మాయు, పరీక్షించి చూపిన ఆయిలరును మనకు సమానముగా పూజ్యులు.

ప్రశ్నలు
1. ఫెర్మా యేల పొరబడెను?
2. ఆయిలరు తన శ్రమ నెట్లు తగ్గించుకొనెను?
3. 193, 257లను 64చే భాగించి శేషములను వ్రాయుము.